ఉల్టా కనెక్షన్

మా బళ్ళో ఒక జోకు నడిచేది. సాయిబులది అంతా ఉల్టా అని. రాత కుడి నుంచి ఎడమకి రాస్తారట. అరిటాకు తిరగేసుకొని అన్నం తింటారట. మా ఇంట్లో మేం సత్తు పళ్ళేల్లో తిన్నాం. విస్తట్లో అరిటాకు నేను మొదటిసారి చూసింది ఒక దోస్తు వాళ్ళ అక్క పెళ్ళిలో. అయినా ఆ జోకుకి అందరికంటే ముందు నేనే నవ్వేవాణ్ణి. నవ్వకపోతే ఇంకో రెండు జోకులు పడతాయని తెలుసు కదా.

ఉల్టా అనే మాటకి మా ఇంట్లో ఇంకో అర్థం వుండేది. అబ్బా ఆటో ఎలక్ట్రీషియన్. సూర్యాపేటలో హైవే పక్కన షాపు. అప్పుడది 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65 అంటున్నారు. హైదరాబాదుకీ బెజవాడకీ నడిమిట్ల వుంటుంది కాబట్టి లారీలు మా దగ్గర ఆగక తప్పదు. ముందు రేకుల షెడ్డు, వెనక చీకటి కొట్టు. ఆ కొట్టుని చార్జింగు రూము అనేవాళ్ళం. యాసిడ్ వాసనకి కళ్ళు మండేవి. అబ్బా లుంగీలకి, మా చొక్కాలకి, ఆఖరికి అమ్మీ దుపట్టాలకి కూడా సన్న సన్న చిల్లులు. యాసిడ్ చుక్క పడ్డప్పుడు తెలీదు, ఉతికినప్పుడు తెలుస్తుంది. మా ఇంట్లో చిల్లుల్లేని బట్ట రంజాన్ రోజు ఒక్కపూటే కనబడేది.

హైవే మీద పంక్చరు, వెల్డింగు, సీట్లు కుట్టుడు, రేడియేటరు, కరెంటు పని. ఈ షాపుల్లో ఎక్కువ మనవాళ్ళే ఎందుకున్నారని సిటీ నుంచి వచ్చిన ఒక సారు అడిగాడు ఒకసారి. అబ్బా దగ్గర జవాబు లేదు. సచార్ కమిటీ 2006లో లెక్కలు తీసి, ముస్లింలు నౌకరీల్లో తక్కువ, సొంత చేతిపనుల్లో ఎక్కువ అని రాసింది. మాకు లెక్కలు అక్కర్లేదు. భూమి లేదు, చదువు లేదు, చేతులున్నాయి. అంతే.

బ్యాటరీకి రెండు గుబ్బలుంటాయి. ప్లస్ గుబ్బ కొంచెం లావు, మైనస్ గుబ్బ కొంచెం సన్నం. గుర్తులు చెరిగిపోయినా, ఎర్రరంగు ఊడిపోయినా, కళ్ళు మూసుకొని వేళ్ళతో తడిమి చెప్పొచ్చు. మాకు అక్షరాలకంటే ముందు అబ్బా నేర్పింది ఇది. రెండోది, విప్పేటప్పుడు ఎర్త్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు ఎర్త్ ఆఖర్న బిగించాలి. మూడోది ఇంకా చిత్రమైంది. ఒక రిటైరైన పెద్దమనిషి దగ్గర లూకాస్ డైనమో వున్న పాత ఇంగ్లీషు కారు వుండేది. దానికి బ్యాటరీ బిగించమంటే తమ్ముడు అలవాటు ప్రకారం మైనస్ తీసుకుపోయి బాడీకి పెట్టబోయాడు. అబ్బా చెయ్యి పట్టుకున్నాడు.

"దీనికి ప్లస్సే ఎర్త్. ఆ కాలం ఇంగ్లీషోళ్ళ బండ్లు శానా మట్టుకు గట్లనే."

"మరి ఉల్టా గాదా?"

"దీనికిది సీదానే. నువ్వు జూసిన బండ్లతోని దీన్ని చూడకు."

ఆ డైనమోలకి ఇంకో గుణముండేది. చాలా రోజులు పక్కన పడేస్తే తన దిక్కు తనే మర్చిపోయేవి. ఫీల్డు టెర్మినల్ కి ఒక్క క్షణం బ్యాటరీ కరెంటు తగిలించి, నీ ప్లస్ ఇది, నీ మైనస్ ఇది అని మళ్ళీ గుర్తు చెయ్యాలి. తర్వాత వచ్చిన ఆల్టర్నేటర్లు అట్లా కాదు. వాటిలో డయోడ్లుంటాయి. డయోడు అంటే కరెంటుని ఒకవైపే పోనిచ్చే తలుపు. బ్యాటరీ సీదాగా వున్నప్పుడు ఆ తలుపులు దానికి మూసుకొని వుంటాయి. ఉల్టా అయిందంటే ఆరు తలుపులూ ఒకేసారి తెరుచుకుంటాయి. బ్యాటరీలో వున్నదంతా వాటిలోంచి పారి వైర్లు కాలతాయి, డయోడ్లు మాడతాయి. రెండు మూడు సెకన్లు చాలు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 1992 డిసెంబరు 8న, మంగళవారం పొద్దున, మా షాపులో చార్జింగయిన బ్యాటరీ ఒకటి ఒక కాంట్రాక్టరు జీపుని కాల్చింది.

ఆదివారం, అంటే డిసెంబరు 6 సాయంత్రం, నేను చార్జింగు రూములో వున్నాను. అప్పుడు డిగ్రీ చదువుతున్నా. సెలవుల్లో చార్జింగు నా డ్యూటీ. మా చార్జరు పాతది. నాలుగైదు బ్యాటరీలని ఒకదానికొకటి గొలుసులాగా, దీని ప్లస్ దాని మైనస్ కి, లింకులేసి పెట్టేవాళ్ళం. ఆ రోజు గొలుసులో మూడోది కాంట్రాక్టరు జీపుది. నెలల తరబడి జీపు కదలకపోతే బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. గూట్లో ట్రాన్సిస్టరు పెట్టుకున్నాను. బీబీసీ ఉర్దూ వార్తలు. అయోధ్యలో మసీదు గుమ్మటాలు మూడూ పడిపోయాయని చెప్తున్నారు. నేను అయోధ్య చూడలేదు. సూర్యాపేట దాటి నేను చూసినవి నల్లగొండ, హైదరాబాదు, బెజవాడ, అంతే. కానీ ఆ వార్త వింటుంటే కాళ్ళ కింది నేల ఎవరో లాగేసుకున్నట్టనిపించింది. చేతులు లింకులు బిగిస్తూనే వున్నాయి. ఏది దేనికి బిగించానో ఇప్పటికీ గుర్తు రాదు.

స్విచ్చి వేసి ఇంటికి పోయాను. సోమవారం షాపు తెరవలేదు. మా గల్లీలో ఎవరూ బయటికి రాలేదు. ఏం జరుగుతుందో ఎవరికీ తెలీదు. అమ్మీ ఇంట్లో వున్న బియ్యం కొలిచి చూసుకుంది. వెనక కొట్టులో చార్జరు మాత్రం నడుస్తూనే వుంది.

మంగళవారం పొద్దున కాంట్రాక్టరు మనిషి ఇంటికే వచ్చాడు, బ్యాటరీ కావాలి అర్జెంటుగా అని. తమ్ముడికప్పుడు పదహారేళ్ళు. పోయి షట్టరు సగం ఎత్తి, లింకులు విప్పి, గ్రావిటీ చూశాడు. హైడ్రోమీటరు బాగానే లేచింది. హెడ్ లైటు బల్బు తగిలించి చూశాడు. తెల్లగా వెలిగింది. ఒక రిక్షాలో వేసుకొని వాళ్ళ కాంపౌండుకి పోయాడు. లావు గుబ్బకి ఎర్ర వైరు బిగించాడు. ఎర్త్ క్లాంపు ఆనించగానే టప్పుమని పెద్ద నిప్పురవ్వ. వెనక్కి తీశాడు. పక్కనున్న డ్రైవరు, "ఏదో లైటు ఆన్ల ఉండొచ్చు, కానియ్" అన్నాడు. మళ్ళీ పెట్టాడు. బానెట్ కింద పొగ. ఎర్త్ పీకేశాడు. పీకేశాడు కాబట్టే జీపు మిగిలింది, కాలకుండా.

నేనూ అబ్బా పరిగెత్తుకుంటూ పోయేసరికి కాంపౌండులో పదిహేనుమంది వున్నారు. తమ్ముడి చెంప మీద వేళ్ళు అచ్చు పడి వున్నాయి. కాంట్రాక్టరు అప్పటికే ఆ మాట అనేశాడట. మమ్మల్ని చూసి మళ్ళీ అన్నాడు.

"బాబ్రీ కోపం నా బండి మీద తీసుకుంటున్నర్రా?"

ఆ ముందు సంవత్సరమే మా ఎదురు షాపు మిస్త్రి ఒక లారీకి బ్యాటరీలు ఉల్టా కలిపి వైరింగంతా తగలబెట్టాడు. ఆయన మావాడు కాదు. లారీ ఓనరు బూతులు తిట్టాడు, తర్వాత ఇద్దరూ కూచుని చాయ్ తాగారు. ఆ కథ చెప్పుకొని రోడ్డంతా నెలరోజులు నవ్వింది. ఆయన చేసింది పొరపాటు. అదే పని మా పిల్లవాడి చేతిలో జరిగితే దానికి వెనక ఒక ఉద్దేశం, ఒక మసీదు, ఒక దేశం వచ్చి నిలబడ్డాయి. పొరపాటు చెయ్యడానికి కూడా మనిషికి కొంత పరపతి కావాలని నాకు ఆ రోజు అర్థమైంది.

అబ్బా ఎవరికీ జవాబు చెప్పలేదు. జీపులోకి వొంగి చూశాడు. ముందు చూసింది బ్యాటరీని కాదు. ఆ డ్రైవరు తాళం లేకుండా పాటలు వినటానికి టేపు రికార్డరుని బ్యాటరీకి డైరెక్టుగా కలిపి పెట్టుకున్నాడు. అది ఆన్ లోనే వుండి మాడిపోయింది. లోపల క్యాసెట్ ఇరుక్కుంది. అయ్యప్ప పాటలది. అసలే డిసెంబరు, దీక్షల రోజులు. అబ్బా మొహంలో రంగు పోవటం నేను చూశాను. స్క్రూడ్రైవరుతో మెల్లగా మూత లేపి, రీలు తెగకుండా వేలితో చుట్టుకుంటూ, ఆ క్యాసెట్ ని బయటికి తీయటానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఎవరూ మాట్లాడలేదు. తన తువ్వాలుతో తుడిచి డ్రైవరు చేతిలో పెట్టాడు. డ్రైవరు దాన్ని కళ్ళకద్దుకున్నాడు. అప్పుడుగాని అబ్బా బ్యాటరీ దగ్గరికి రాలేదు.

"ఆంపియర్ మీటరు ఎటు కొట్టిందిరా?" తమ్ముణ్ణి అడిగాడు.

"చార్జి దిక్కు."

"ఇంజన్ నడుస్తుండెనా?"

"లేదు. తాళమే పెట్టలే."

ఇంజను ఆగి వున్నప్పుడు చార్జింగు చేసేదెవరు? అబ్బాకి అక్కడే విషయం తెలిసిపోయిందనుకుంటాను. అయినా గుబ్బలు తడిమాడు. లావు గుబ్బకి ఎర్ర వైరు, సన్న గుబ్బకి ఎర్త్. తమ్ముడు చేసిందాంట్లో తప్పు లేదు. పెట్టెలోంచి మీటరు తీసి, దాని ఎర్ర వైరు ప్లస్ కి, నల్ల వైరు మైనస్ కి ఆనించాడు. ముల్లు సున్నా దాటి వెనక్కి పోయి కొట్టుకుంది.

బ్యాటరీయే తిరగబడింది. బొత్తిగా చచ్చిపోయిన బ్యాటరీని గొలుసులో ఉల్టాగా కలిపి ముప్పై ఆరు గంటలు చార్జి చేస్తే లోపలి పలకలు ఉల్టాగా నిండుతాయి. పైన ప్లస్ అని పోతపోసి వుంటుంది, లోపల మైనస్ వుంటుంది. గ్రావిటీ చూస్తే తెలీదు, ఎటునుంచి చార్జి చేసినా యాసిడ్ చిక్కబడుతుంది. బల్బు పెట్టి చూస్తే తెలీదు, బల్బుకి ఉల్టా సీదా లేదు, కరెంటు ఎటొచ్చినా వెలుగుతుంది. తమ్ముడు చెయ్యాల్సిన రెండు పరీక్షలూ చేశాడు. మీటరు అబ్బా పెట్టెలో వుంది, పెట్టె ఇంట్లో వుంది.

మీటరు ముల్లు చూపిస్తే కాంట్రాక్టరు నమ్మలేదు. "మీ మీటరు మీరు చెప్పినట్టే ఆడ్తది" అన్నాడు. అబ్బా గ్లాసుతో నీళ్ళు, చిటికెడు ఉప్పు తెమ్మన్నాడు. వాళ్ళ గ్లాసు, వాళ్ళ ఉప్పు. బ్యాటరీ నుంచి రెండు రాగి తీగలు తీసి, ఒకదానికొకటి తగలకుండా నీళ్ళలో ముంచాడు. మైనస్ తీగ దగ్గర బుడగలు ఎక్కువ పుడతాయి. ఆ రోజు ప్లస్ అని రాసివున్న గుబ్బ తీగ దగ్గర తెల్లగా పొంగినట్టు బుడగలొచ్చాయి. డ్రైవరు వొంగి చూశాడు. పక్కనున్న టైలరు కూడా వచ్చి చూశాడు.

"పిల్లగాడు సీదానే పెట్టిండు సార్. రాసిందాన్ని చదివి పెట్టిండు."

"మరి ఉల్టా చార్జింగు పెట్టిందెవరు?"

అబ్బా ఒక్కసారి నా వైపు చూశాడు. చాలా తక్కువసేపు.

"నేనే సార్. చీకట్ల చూసుకోలే."

నేను నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదని ముప్పై ఏళ్ళుగా నన్ను నేను అడుగుతున్నా. భయం వొక కారణం. ఇంకో కారణం చెప్పాలంటే సిగ్గేస్తుంది. డిగ్రీ చదివే కొడుకు రేడియోలో మసీదు వార్త వింటూ చేశాడని తెలిస్తే వాళ్ళకది పొరపాటుగా కనిపించదు, కాంట్రాక్టరు మాటే నిజమైపోతుంది. ఇట్లా అనుకొని సర్దిచెప్పుకున్నాను. అబ్బా కూడా అందుకే తన మీద వేసుకున్నాడేమో. లేక మామూలుగా ఏ తండ్రయినా చేసే పనే చేశాడేమో. అడగలేదు.

జీపు బాగుచేసే పని నాలుగు రోజులు పట్టింది. ఆల్టర్నేటరు నుంచి ఆంపియర్ మీటరుకి వచ్చే మెయిన్ వైరు కరిగి పక్క వైర్లకి అతుక్కుంది. జీనుని చేప పొట్ట చీల్చినట్టు చీల్చి, కాలింది తీసేసి కొత్తది వేశాం. ఆంపియర్ మీటరు ముల్లు వొంగిపోయింది. స్టార్టరు, హారను, లైట్లు బాగానే వున్నాయి. వాటికి ఉల్టాతో పేచీ లేదు. ఆ స్టార్టరుకి బ్యాటరీ ఎటు పెట్టినా ఒకేవైపు తిరుగుతుంది, లోపల ఫీల్డూ ఆర్మేచరూ రెండూ కలిసే దిక్కు మార్చుకుంటాయి కాబట్టి. ఆల్టర్నేటరు విప్పితే వార్నిషు కాలిన వాసన. ఆరు డయోడ్లని ఒక్కొక్కటే టెస్టు లాంపుతో చూశాం. మంచి డయోడయితే ఒకవైపు పెట్టినప్పుడు లాంపు వెలుగుతుంది, తిప్పి పెడితే వెలగదు. నాలుగింటికి రెండువైపులా వెలిగింది. డయోడ్లు ఇట్లా పూర్తిగా పోకుండా కొంచెం లీకయితే మాత్రం బండి స్టార్టవుతుంది, నడుస్తుంది కూడా, రాత్రి పెట్టిన బ్యాటరీ తెల్లారేసరికి ఖాళీ అవుతుంది. చాలామంది మిస్త్రీలు అక్కడే మోసపోతారు, బ్యాటరీ పోయిందని కొత్తది కొనిపిస్తారు.

డయోడ్ ప్లేటు మామూలుగా హైదరాబాదు నుంచి తెచ్చేవాళ్ళం. అటు పోవద్దని అమ్మీ ఏడ్చింది. బెజవాడ ఆటోనగరుకి పంపారు నన్ను. బస్సులో పక్కసీటాయన కోదాడ దాటాక పేరడిగాడు. "బాబు" అన్నాను. అదేమీ అబద్ధం కాదు, అమ్మీ నన్ను అట్లాగే పిలుస్తుంది. ఏ వూరు, ఏం చదువుతున్నావు అని ఆయన మంచిగానే మాట్లాడాడు. సగం జామకాయ కోసి ఇచ్చాడు, ఉప్పూ కారమూ వేసి. తిన్నాను. బెజవాడ దాకా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టే వుంది. ఆటోనగరులో దుకాణం పెద్దాయన నేనెవరో చెప్పకముందే మొహం చూసి, "సూర్యాపేట సాయిబు కొడుకువు గదూ, నాన్న ఎట్లా వున్నారు?" అన్నాడు. డబ్బులు తక్కువైతే తర్వాత పంపమన్నాడు.

తిరగబడ్డ బ్యాటరీని అబ్బా పారెయ్యలేదు. హెడ్ లైటు బల్బులు పెట్టి చుక్క మిగలకుండా ఖాళీ చేశాడు. తర్వాత సీదాగా, సన్న చార్జింగులో, రెండు రోజులు పెట్టాడు. మీటరు ముల్లు నెమ్మదిగా ఇటువైపు వచ్చింది. కానీ అట్లాంటి బ్యాటరీకి ఆయుష్షు వుండదు. కాంట్రాక్టరుకి కొత్త బ్యాటరీ ఇచ్చి, ఇది మా షాపులో దీపానికి పెట్టుకున్నాం. టేపు రికార్డరు కూడా కొనిచ్చాం. అమ్మీ చెవుల కమ్మలు పోయినవి అప్పుడే. కాంట్రాక్టరు అన్నీ తీసుకున్నాడు, జీపు నడిపి చూసుకున్నాడు, ఆ తర్వాత తన బండ్లన్నీ వేరే షాపుకి పంపాడు.

ఆ మొదటి రోజు రాత్రి, అన్నాలయ్యాక, అబ్బా నన్ను అడిగింది ఒకటే.

"రేడియో సున్ రహా థా క్యా?"

"హౌ అబ్బా."

"మై భీ ఘర్ మే సున్ రహా థా."

అంతకంటే ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. 2009లో ఆయన పోయాడు. ఆఖరి వరకు ఏ బ్యాటరీ చార్జింగు దించినా మీటరు పెట్టి చూడకుండా బయటికి పంపలేదు. కొత్త పిల్లలు నవ్వేవాళ్ళు, గుర్తు రాసే వుంది గద చాచా అని.

తమ్ముడు షార్జాలో వుంటాడు. అదే పని. మొన్న ఫోనులో ఒక కారు సంగతి చెప్పాడు. ఎవరో జంపర్ కేబుళ్ళు ఉల్టా పెట్టి స్టార్టు చెయ్యబోయారట. ఇప్పటి బండ్లకి మెయిన్ ఫ్యూజు ముందే ఎగిరిపోతుంది, దాంతో బతికిపోతే అదృష్టం, లేకపోతే కంప్యూటర్ బాక్సు పోతుంది, లక్షల్లో ఖర్చు. నవ్వుతూ చెప్తున్నాడు. నాకు ఎందుకో ఆగలేదు. 1992లో ఆ గొలుసు కలిపింది నేనని చెప్పేశాను.

"మాలూమ్ హై భాయ్," అన్నాడు.

"అబ్బా చెప్పిండా?"

"లే. పొద్దున లింకులు ఇప్పింది నేనే గద. మూడోదానికి లింకు ఉల్టా వుంది. చేతులు ఇప్పినయి, మతికి రాలే. జీపు కాడ రెండోసారి నిప్పు లేసినంక యాదికొచ్చింది."

"మరి చెంపదెబ్బ తినేటప్పుడు చెప్పొచ్చు కదరా, మా అన్న పెట్టిండని."

"చెప్తే ఏమయితుండె? వాళ్ళకు నువ్వయినా నేనయినా ఒకటే గద."

కాసేపు ఇద్దరం వూరుకున్నాం. అటువైపు ఎవరో హిందీలో అతన్ని పిలుస్తున్నారు, బండి వచ్చిందని.

"అబ్బా మీటరు వుందా నీ దగ్గర?" అని అడిగాడు.

వుందన్నాను.

"అండ్ల సెల్లు తీసెయ్. లీకయితది."